పొయ్యిని సంస్కరించిన శాస్త్రజ్ఞుడు

మూడు రాళ్ల పొయ్యిమీద సంగటి ఉడుకుతున్నప్పుడు మంట కుండను తాకి పక్కలకు పోతుంది. కట్టెలలో పుట్టిన వేడిలో ఎక్కువ భాగం గాలిలో కలిసిపోతుంది. డెంకణికోటలోనైనా, లండనులోనైనా జరిగేది ఇదే. ఇలా వృథా అయ్యే వేడిని పాత్రకు చేర్చే మార్గాన్ని అన్వేషించినవాడు కౌంట్ రంఫర్డ్.

అతని అసలు పేరు బెంజమిన్ థాంప్సన్. 1753 మార్చి 26వ తేదీన అమెరికాలోని మాసచుసెట్స్‌లో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. పసితనంలోనే తండ్రిని పోగొట్టుకున్నాడు. పదమూడేళ్ల వయస్సులో ఒక వర్తకుని వద్ద పనికి కుదిరాడు. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో ఆంగ్లేయుల పక్షం వహించినందువల్ల, భార్యాబిడ్డలను విడిచి 1776లో ఇంగ్లండు చేరాడు.

తరువాత అతడు జర్మనీలోని బవేరియా పాలకుని కొలువులో చేరాడు. ఆనాడు మ్యూనిక్ నగరంలో బిచ్చగాళ్లు ఎక్కువగా ఉండేవారు. 1790లో వారికోసం పనిశాల నెలకొల్పి పని, కూలి, భోజనం కల్పించాడు. రోజూ వందలమందికి వండాలి. కట్టెలకు ఖర్చు తగ్గాలి. అందుకు అతడు మంటచుట్టూ ఇటుకగోడ కట్టించి, పాత్రను పొయ్యిలోకి దించి అమర్చాడు. వేడి పొగ పాత్రను చుట్టి పోయేటట్లు దారి చేశాడు. గాలి ఎంత కావాలో అంతే పోయేటట్లు మూత పెట్టాడు. కట్టెల ఖర్చు బాగా తగ్గింది. ఈ సేవలకు మెచ్చి పాలకుడు అతనికి కౌంట్ బిరుదు ఇచ్చాడు. తాను వివాహమాడిన ఊరి పాతపేరు రంఫర్డును అతడు బిరుదుకు చేర్చుకున్నాడు.

ఆ రోజుల్లో వేడి అనేది కంటికి కనబడని ఒక ద్రవమని పండితులు నమ్మేవారు. మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగులను తొలిచేటప్పుడు పుట్టే వేడిని రంఫర్డ్ గమనించాడు. ఫిరంగి లోహాన్ని నీటిలో ఉంచి మొద్దుబారిన బరమాతో తొలిపించాడు. రెండున్నర గంటలలో నిప్పు లేకుండానే నీరు మరిగింది. ఎంతసేపు తొలిచినా వేడి తరగలేదు. కాబట్టి వేడి పదార్థం కాదు, చలనమే అని 1798లో ప్రకటించాడు.

1799లో లండనులో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపనకు అతడు ముఖ్యకారకుడయ్యాడు. అహంభావం వల్ల చాలామందితో విరోధం తెచ్చుకున్నాడు. 1814 ఆగస్టు 21న పారిస్ సమీపంలో మరణించాడు.

అతడు చేపట్టిన కృషి అక్కడితో ఆగలేదు. 1950 దశకంలో హైదరాబాదులో ఇంజనీరు ఎస్.పి. రాజు మన వంటిళ్లకోసం పొగగొట్టంగల పొయ్యిని రూపొందించారు. కట్టె ఆదా కావడం, వండే తల్లి కళ్లకు పొగ సోకకపోవడం దాని ఆశయం. పేదవాని పొయ్యి కూడా శాస్త్రజ్ఞుడు శ్రద్ధ పెట్టదగిన విషయమేనని రంఫర్డ్ జీవితం తెలుపుతున్నది.