రాబర్టు బాయిలు

రాబర్టు బాయిలు 1627వ సంవత్సరము జనవరి 25వ తేదీన ఐర్లండు దేశమునందలి లిస్మోరు కోటలో జన్మించెను. తండ్రి కార్కు ప్రభువు, మిక్కిలి ధనవంతుడు. ఆయన సంతానములో ఇతడు పదునాలుగవవాడు. భోగములన్నియు చేతికందునవియైనను ఇతడు కొలిమికడను, గాజుకుప్పెలకడను కాలము గడుపుటకే ఇష్టపడెను. యౌవనముననే జబ్బుచేసి కన్నులు దుర్బలములయ్యెను. అది మొదలు చదువుటకును వ్రాయుటకును పరుల సాయము కావలసివచ్చెను. అట్టివాడు రంగులను పరిశోధించి 1664లో గ్రంథము ప్రకటించుట ఆశ్చర్యము గాదా!

వాయువులను గూర్చిన బాయిలు సూత్రమును మీరు విజ్ఞానశాస్త్రమున చదువుదురు గనుక దాని నిచట విడిచెదను.

ఆ కాలమున ఇంగ్లండులో రోగులు కొన్ని ఊటల నీటిని ఔషధమని నమ్మి, దూరము పోయి త్రాగుచుండిరి. నీట కరగిన లోహము కంటికి కానరాదు. ఆ నీరు మేలు చేయునో కీడు చేయునో ఎరిగినవారు అరుదు. బాయిలు అట్టి నీటిలో మాచికాయ కషాయమును కలిపి చూచెను. ఓకు చెట్టు కొమ్మలపై పురుగు చేరుటచే ఏర్పడు బుడిపెయే మాచికాయ. ఇనుమున్న నీరు ఊదాగానో నల్లగానో మారెను. ఈ మార్పును ప్రాచీన రోమకులును కొంత ఎరుగుదురు. మన కాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయ నీట ముంచిన గుడ్డపై, ఇనుమును బెల్లపునీట ఊరవేసిన ద్రవముతో గీసిన గీత నల్లబడుటయు ఈ ధర్మముచేతనే. బాయిలు దానిని క్రమమైన పరీక్షగా మలచెను. రాగి కరగిన నీరు నవాసారమునుండి తీసిన క్షారముతో ముదురు నీలమగును. పాదరస లవణపు నీరు బూడిదక్షారముతో నారింజవన్నెను, నవాసారక్షారముతో తెలుపును పొందును. ఇవియు ఆతడు పరీక్షించినవే.

నీట కరగిన లోహము విద్యుదావేశముగల సూక్ష్మకణములుగా నుండును. వీనిని అయానులందురు. మాచికాయలోని వగరు పదార్థము ఇనుప అయానులను పట్టుకొనగా క్రొత్త సంయోగ మేర్పడి, వెలుగును చాలవరకు మ్రింగివేయును. బాయిలు నాటికి అయానుల మాటయే పుట్టలేదు. ఐనను రంగు చెప్పు సాక్ష్యమును ఆతడు సరిగానే చదివెను.

నాటి రసవాదులు పలువురు తమ విద్యను మరుగుపరచుచుండిరి. బాయిలు తన పరీక్షలను ఇతరులు మరల చేసి చూచుటకు వీలుగా వివరించి వ్రాసెను. 1685లో ఊటనీటి పరీక్షను గూర్చి ప్రత్యేకముగా ఒక పుస్తకము వెలువరించెను. ఐతే బంగారము చేయు విద్యను ఆతడును నమ్మెను. ఆ వ్రాతలలో మాత్రము సంకేతభాష వాడి గుట్టు పాటించెను. మహనీయులయందును కాలపు నీడ పడకుండునా?

బాయిలు వివాహమాడలేదు. 1668 మొదలు లండనులో అక్క కాతరీను ఇంటనే నివసించి, అచటనే ప్రయోగములు సాగించెను. ఆమె 1691 డిసెంబరు 23న మరణించెను. వారము దాటగనే, 31న బాయిలును కన్నుమూసెను.