పిలిచిన చోటికి వెళ్లిన ఆటగాడు

కోతల కాలములో ఊరు విడిచి ఊరు తిరుగు కూలివానిని మనమందరము ఎరుగుదుము. పొలము అతనిది కాదు, కళ్లము అతనిది కాదు. అయినను అతని కొడవలి లేనిదే పంట ఇల్లు చేరదు. అమెరికా దేశపు ఆటస్థలములలో అట్టి జీవితము గడిపిన యొక మనుష్యుని చరిత్రను ఈ నెల పాఠకుల యెదుట ఉంచుచున్నాము. ఆయన పేరు టోబిన్ రోట్.

ముందుగా ఆ ఆటను గూర్చి రెండు మాటలు. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచునది మన పిల్లలు కాలితో తన్ను ఆట కాదు. రెండు కొసలు సన్నముగానుండు బంతిని చేతబట్టుకొని, జట్టుకు 11 మంది చొప్పున పోరాడుదురు. ఎదుటివారిని దాటుకొని బంతిని చివరి గీత ఆవలికి చేర్చినచో దానిని టచ్‌డౌన్ అందురు. దానికి 6 పాయింట్లు. బంతిని ఎవరికి అందించవలెనో, ఎవరికి విసరవలెనో క్షణములో నిర్ణయించువాడు క్వార్టర్‌బ్యాక్. జట్టు గెలిచిన యెడల మొదటి పొగడ్త అతనికే. ఓడిన యెడల మొదటి నిందయు అతనికే.

రోట్ 1928 జనవరి 18న టెక్సాస్ రాష్ట్రమందలి శాన్ ఆంటోనియోలో జన్మించెను. హూస్టన్ నగరములోని రైస్ విద్యాలయమున ఆడి పేరు తెచ్చుకొని, 1950లో గ్రీన్ బే ప్యాకర్స్ జట్టులో చేరెను. ఆ దినములలో అది బలహీనమైన జట్టు. అచ్చట ఆయన 7 సంవత్సరములు శ్రమించెను. వాటిలో ఒక్క యేడైనను ఓటములకంటె గెలుపులు ఎక్కువ కాలేదు. బంతి విసరుటకు వీలు చిక్కనప్పుడు తానే దానిని పట్టుకొని పరుగెత్తెడివాడు. 1956లో లీగు మొత్తములో అందరికంటె ఎక్కువగా 18 టచ్‌డౌన్లకు బంతి విసిరెను. తాను పరుగెత్తి మరి 11 సాధించెను. అయినను ఆ యేడు జట్టు గెలిచినవి 4 ఆటలే. ఫలితము కనబడని చోట పని చేయుట ఎంత కష్టమో చేసినవారికే తెలియును.

1957లో ఆయనను డెట్రాయిట్ లయన్స్ జట్టుకు మార్చిరి. అచ్చట బాబీ లేన్ అను ప్రసిద్ధుడు ముందే ఉండెను. 1952, 1953 సంవత్సరములలో ఆ జట్టును విజేతగా నిలిపినవాడు అతడే. జనుల ప్రేమ అంతయు అతని మీదనే. రోట్ అతనితో వంతులువారీగా ఆడుచుండెను. డిసెంబరు 8న లేన్ కాలు విరిగెను. భారమంతయు ఒక్కసారిగా రోట్ మీద పడెను.

డిసెంబరు 22న శాన్ ఫ్రాన్సిస్కోలో ఆట. ఓడినవారికి ఆ యేటి ఆశ అంతటితో సరి. సగము ఆట ముగియునప్పటికి లయన్స్ 24-7 తేడాతో వెనుకబడిరి. విరామములో గోడకు ఆవలనుండి ఎదుటి జట్టువారి సంబరము వీరికి వినబడుచుండెను. తిరిగి మైదానములోనికి వచ్చిన పిమ్మట తేడా 27-7 అయ్యెను. అచ్చటనుండి రోట్ జట్టు మెల్లగా లేచి, ఎదుటివారికి మరి యొక్క పాయింటైనను ఇయ్యక 31-27తో గెలిచెను. వారము దినములకు డెట్రాయిట్‌లో జరిగిన తుది ఆటలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ను 59-14తో ఓడించిరి. రోట్ 4 టచ్‌డౌన్లకు బంతి విసిరి, ఒకటి తానే పరుగెత్తి సాధించెను. ఇంకొకరి చోట నిలిచినవాడు ఆ చోటికి తలవంపు తేలేదు.

ఆయన ప్రయాణము అంతటితో ఆగలేదు. 1960లో కెనడా దేశమునకు పోయి టొరాంటో ఆర్గోనాట్స్ జట్టులో 3 సంవత్సరములు ఆడెను. 1963లో శాన్ డియేగో చార్జర్స్ ఆయనను పిలిచిరి. అంతకుముందటి యేడు ఆ జట్టు 14 ఆటలలో 10 ఓడిపోయియుండెను. రోట్ వచ్చిన యేడు 11 గెలిచిరి. 1964 జనవరి 5న బాస్టన్ పేట్రియట్స్‌ను 51-10తో ఓడించి, అమెరికన్ ఫుట్‌బాల్ లీగు విజేతలైరి. అప్పుడాయన 36వ యేట ఉండెను. అప్పటిలో పోటీగా నడచిన ఆ రెండు లీగులలోను తన జట్టును విజేతగా నిలిపిన క్వార్టర్‌బ్యాక్ ఆయన ఒక్కడే.

మరుసటి యేడు జాన్ హాడిల్ అను యువకుడు ఆయన స్థానములోనికి వచ్చెను. ఒకప్పుడు ఇతరుని చోట నిలిచినవాడు ఇప్పుడు తన చోటు ఇతరునికి విడువవలసి వచ్చెను. 1966లో డెన్వర్ బ్రాంకోస్ జట్టులో కొద్ది ఆటలాడి విరమించెను. 2000 జూన్ 27న, 72 యేండ్ల ప్రాయమున కన్నుమూసెను.

ఆ ఆటలోని గొప్పవారి జ్ఞాపకార్థము కాంటన్ నగరములో గౌరవశాల యొకటి కలదు. బాబీ లేన్ పేరు అందులో ఉన్నది. రోట్ జీవించినంత కాలము ఆయన పేరు అందులో చేరలేదు. మేము దీనిని చెప్పుట ఎవరినో తప్పు పట్టుటకు కాదు. పేరు ఒకరికి, పని ఒకరికి దక్కుట లోకములో క్రొత్త సంగతి కాదు. ఓడు జట్టులో 7 యేండ్లు చేయి సడలనీయనివాడు గనుకనే, పిలుపు వచ్చిన దినమున ఆయన సిద్ధముగా ఉండెను. మన యింటను, మన వీధిలోను అట్టివారు ఉందురు. వారు బ్రతికియుండగానే ఒక మంచి మాట చెప్పుదము.