మౌరిట్జ్ స్టిల్లర్

మౌరిట్జ్ స్టిల్లర్ (జూలై 17, 1883 - నవంబర్ 8, 1928) స్వీడన్ మూకీ చిత్రాల యుగానికి చెందిన ప్రసిద్ధ దర్శకుడు. విక్టర్ షోస్ట్రామ్‌తో పాటు స్వీడిష్ సినిమాకు అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చినవారిలో ముఖ్యుడు. నటి గ్రెటా గార్బోను వెలుగులోకి తెచ్చినది కూడా ఇతడే.

బాల్యం

స్టిల్లర్ అప్పటి రష్యా సామ్రాజ్యంలోని ఫిన్లాండ్‌లో, హెల్సింకి నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, తెలిసినవారి ఇంట పెరిగాడు. యౌవనంలో రంగస్థల నటుడయ్యాడు. జార్ సైన్యంలో నిర్బంధంగా చేరవలసి రావడంతో దేశం విడిచి స్వీడన్ చేరుకున్నాడు. 1912లో స్వెన్‌స్కా బియో సంస్థలో చిత్రాలు తీయడం ప్రారంభించాడు.

ఎర్రపువ్వు పాట

తాను వదలివచ్చిన ఫిన్లాండ్ ఇతని చిత్రాలలో మళ్ళీ కనిపించింది. ఫిన్నిష్ రచయిత యోహాన్నెస్ లిన్నాన్‌కోస్కి 1905లో వ్రాసిన నవల ఆధారంగా 1919లో "ఎర్రపువ్వు పాట" అనే అర్థం వచ్చే పేరుతో ఒక చిత్రాన్ని నిర్మించాడు. సంపన్న రైతు కొడుకైన ఓలోఫ్ పనిపిల్లను ప్రేమించి, తండ్రితో తగవుపడి ఇల్లు విడుస్తాడు. అడవిలో నరికిన దుంగలను నదిలో తేల్చుకొనిపోయే కూలీలతో కలసి ఊరూరా తిరుగుతాడు. చాలాకాలం తరువాత పట్టణంలోని ఒక వేశ్యాగృహంలో తాను ఒకప్పుడు ప్రేమించిన యువతి ఎదురుపడినప్పుడు తన నడవడి ఫలితం అతనికి తెలిసివస్తుంది. కథానాయకుడు (లార్స్ హాన్సన్) ఒకే దుంగపై నిలబడి నది ఉరవడిలో సాగిపోయే దృశ్యం ఈ చిత్రానికి ప్రాణం. స్టిల్లర్ ఆ నదిని కేవలం నేపథ్యంగా కాక, కథానాయకుని అదుపులేని మనసుకు ప్రతిరూపంగా చూపాడు. దీనికి అర్మాస్ యార్నెఫెల్ట్ ప్రత్యేకంగా సంగీతం సమకూర్చాడు. ఇదే నవలను తరువాత స్వీడన్, ఫిన్లాండ్ దేశాలలో పలుమార్లు తెరకెక్కించారు. 1921లో మరొక ఫిన్నిష్ రచయిత యుహానీ ఆహో నవల ఆధారంగా స్టిల్లర్ తీసిన "యోహాన్" చిత్రంలో కూడా నదీ ప్రవాహానిది ప్రధాన పాత్రే.

ఇతర చిత్రాలు

నోబెల్ పురస్కార గ్రహీత సెల్మా లాగర్‌లోఫ్ రచనల ఆధారంగా "ఆర్నే గారి సొమ్ము" (1919), "యోస్టా బెర్లింగ్ గాథ" (1924) నిర్మించాడు. "ఎరోటికాన్" (1920) హాస్య చిత్రం. "యోస్టా బెర్లింగ్ గాథ"లో ప్రధాన పాత్ర గార్బోకు ఇచ్చాడు.

హాలీవుడ్

1925లో గార్బోతో కలసి ఎం.జి.ఎం. సంస్థ పిలుపుపై అమెరికా వెళ్ళాడు. స్వీడన్‌లో తన ఇష్టప్రకారం చిత్రాలు తీసిన స్టిల్లర్‌కు అక్కడి స్టూడియో పద్ధతులు సరిపడలేదు. గార్బో నటించిన "ది టెంప్‌ట్రెస్" (1926) చిత్రీకరణ మధ్యలోనే ఇతనిని తొలగించి, ఫ్రెడ్ నిబ్లోకు దర్శకత్వం అప్పగించారు. తరువాత పారామౌంట్ సంస్థలో పోలా నెగ్రీతో తీసిన "హోటల్ ఇంపీరియల్" (1927) ప్రశంసలు పొందింది. అయినా ఆరోగ్యం క్షీణించి 1927లో స్వీడన్‌కు తిరిగివచ్చాడు.

మరణం

1928 నవంబర్ 8న, 45 ఏళ్ళ వయసులో స్టాక్‌హోంలో మరణించాడు. అప్పటికి గార్బో హాలీవుడ్ అగ్రతారలలో ఒకరు. ఆమెను అక్కడికి తీసుకువెళ్ళిన స్టిల్లర్, ఆమె నటించిన ఒక్క అమెరికన్ చిత్రాన్ని కూడా పూర్తిగా తీయలేకపోయాడు.