ఇసుక మీద ఆనకట్ట

మట్టిలో నీరు ఎంత వేగంగా పారుతుందో చెప్పే డార్సీ సూత్రం 1856లో వచ్చింది. మన కోనసీమకి నీళ్లిచ్చిన పాత ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయిపోయింది! మరి కాటన్ దొర ఏ ధైర్యంతో కట్టాడు?

ఆర్థర్ కాటన్ 1803లో పుట్టాడు. పద్దెనిమిదేళ్లకే సైనిక ఇంజనీరుగా మద్రాసు వచ్చాడు. 1833 నాటి డొక్కల కరువులో గోదావరి సముద్రం పాలవుతుంటే జనం ఆకలితో చచ్చిపోయారు. ఆనకట్ట కడదామా అంటే నది అడుగున ఇసుకే. కంకరలోనూ ఇసుకలోనూ సందుల్లోంచి నీరు దూరుతుంది. కంకర రాయి బరువుకి కదలదు, సన్న ఇసుక మాత్రం నీటితోపాటు కొట్టుకుపోతుంది. కింద డొల్లపడితే పైన ఎంత గట్టిగా కట్టినా కూలాల్సిందే.

దీనికి జవాబు ఆయనకి కావేరి దగ్గర దొరికింది. చోళుల కల్లణై శతాబ్దాలుగా ఇసుక మీదే నిలబడి ఉంది. అది చూసి నేర్చుకుని 1836లో కొల్లిడం మీద కట్టాడు. 1847లో ఇక్కడ మొదలుపెట్టాడు: ఇసుకలోకి దించిన బావుల మీద పునాది, దిగువన వెడల్పాటి రాతి పరుపు. అడుగున నీరు ఊరడం ఆగలేదు, కానీ దారి పొడవై జోరు తగ్గింది. రాళ్ల బరువు ఇసుకను లేవనివ్వలేదు.

ఆ దారి పొడవుని లెక్కగట్టే పద్ధతి బ్లై 1910లో ఇచ్చాడు. అప్పటికి కాటన్ పోయి 11 ఏళ్లు. ఆనకట్ట నీళ్లతో డెల్టా పొలాలు పండబట్టి యాభై ఏళ్లు దాటిపోయింది.