గ్రహణి నుండి ఫోలిక్ ఆమ్లము వరకు: డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు

ఎల్లాప్రగడవారి కుటుంబమున పురుషోత్తము, కృష్ణమూర్తి అను ఇద్దరు అన్నదమ్ములు కొలది దినముల తేడాతో ఒకే వ్యాధికి బలియైరి. ఆ వ్యాధిని పాశ్చాత్య వైద్యులు స్ప్రూ అందురు. మన వైద్యులు గ్రహణి యని చెప్పు జబ్బులతో దానికి పోలిక కలదు. తిన్న తిండి ఒంటబట్టదు, విరేచనములు ఆగవు, నాలుక పుండై, రక్తము పలుచబడి, మనిషి నానాటికి ఎండిపోవును. అన్నదమ్ములను కాటికంపిన ఆ వ్యాధియే మూడవవాడగు సుబ్బారావుగారిని కూడ పట్టెను. ఆయన మాత్రము బ్రతికి బయటపడిరి. ఆ బ్రతుకు ఏ పనికి వినియోగపడెనో తెలిసికొనదగినది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12 వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఇల్లు కలిగినది కాదు, పిల్లలు పెక్కుమంది. బాల్యమున ఆయనకు చదువుపై మనసు నిలువలేదు. పదమూడేండ్ల ప్రాయమున కాశికి పోయి, యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచిరి. పెద్దలు దారిలోనే పట్టి తెచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి గట్టెక్కిరి. తరువాత రామకృష్ణ మఠము వైపు మనసు మరలినది. సన్న్యసించుటకు తల్లి సమ్మతింపలేదు. వైద్యము నేర్చి రోగులకు తోడ్పడుటయు సేవయే యని మఠమువారు చెప్పగా, ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చేరిరి.

చదువునకు స్నేహితులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును సాయపడిరి. మూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని 1919 లో వివాహమాడిరి. అవి గాంధీజీ పిలుపునకు దేశము కదలిన దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులు ధరించి పోయిరి. అది ఆంగ్లేయుడైన ఆచార్యునికి రుచింపలేదు. ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, దానికన్న తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. అప్పుడు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించిరి. తమ్ము పట్టిన గ్రహణిని కుదిర్చినదియు లక్ష్మీపతిగారి చికిత్సయే.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి తోడ్పాటుతోను, మామగారి సాయముతోను ఆయన 1923 అక్టోబరు 26 వ తేదీన బోస్టను నగరము చేరిరి. భార్యను స్వదేశమున విడిచి వెడలిరి. మరల ఆ దంపతులు కలిసికొనలేదు. హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రము చదువుచు, కడుపు నింపుకొనుటకు రాత్రులందు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలెత్తు పని చేసిరి.

పిదప సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి జీవరసాయన పరిశోధన సాగించిరి. రక్తమునందలి భాస్వరమును లెక్కగట్టుటకు 1925 లో వారు కనిపెట్టిన పద్ధతి ఇద్దరి పేరును ఫిస్కే-సుబ్బారావు పద్ధతియని పాఠ్యగ్రంథములకెక్కెను. కండరములందలి ఫాస్ఫోక్రియాటిను 1927 లోను, జీవకణమునకు ఇంధనమనదగిన ఏ.టి.పి. 1929 లోను వారి పరిశోధన వలన వెలువడెను. 1930 లో డాక్టరేటు వచ్చినది గాని హార్వర్డులో స్థిరమైన పదవి రాలేదు. 1940 లో ఆయన లెడర్లీ ఔషధ పరిశోధనాలయమున చేరి, రెండేండ్లకే పరిశోధనల డైరెక్టరైరి.

అచ్చట ఆయన చేపట్టిన పనులలో ఫోలిక్ ఆమ్లము ముఖ్యమైనది. దాని కథకు మన దేశముతో సంబంధము కలదు. 1928 లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారమున దానిని కుదుర్చు పదార్థమేదో యున్నదని తేల్చెను. 1941 లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర నుండి తీసిన పదార్థమునకు ఆకు అను అర్థము వచ్చునట్లు ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. దానిని కాలేయము నుండి వేరుచేసి, 1945 నాటికి పరిశోధనశాలలోనే తయారు చేసినది సుబ్బారావుగారి బృందము. వెంటనే టామ్ స్పీస్ అను వైద్యుడు దానిని స్ప్రూ రోగులకిచ్చి చూడగా, నాలుక పుండ్లు మానెను, రక్తము పుంజుకొనెను. అన్నదమ్ములను బలిగొన్న జబ్బునకు ఔషధము ఆ సోదరుని ప్రయోగశాలనుండియే వెడలెను. నేడు స్ప్రూకు ఫోలిక్ ఆమ్లముతోపాటు టెట్రాసైక్లిన్ కూడ ఇత్తురు. ఆ జాతి మందులలో మొదటిదగు ఆరియోమైసిను సైతము లెడర్లీలో, ఆయన డైరెక్టరుగా నున్న కాలముననే, డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుని చేతిమీదుగా వెలసెను. బోదకాలు నివారణకు తెలుగు పల్లెలలో ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్రయు ఆ కాలపు పంటయే.

ఫోలిక్ ఆమ్లమును నిర్మించిన చేతులే దానికి శత్రువును కూడ నిర్మించెను. రూపమున ఫోలిక్ ఆమ్లమువలె నుండి, కణమును మోసగించి, దాని పెరుగుదలను ఆపు మందులవి. వానిలో ఒకటగు అమినాప్టెరినును బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు గల పిల్లలకిచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికముగా తగ్గినదని 1948 లో ప్రకటించెను. దాని తోబుట్టువే మెథోట్రెక్సేటు. ఆ యేటి ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి గతించిరి. అప్పటికాయనకు 53 ఏండ్లు మాత్రమే. తమ మందు మరల ప్రేగు జబ్బులకే ఉపకరించునని ఆయన యెరుగరు.

క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ అనునవి స్ప్రూ వంటివి కావు. ఇందు శరీరరక్షణకై యున్న శక్తియే దారితప్పి ప్రేగును వాచజేసి పుండ్లు పుట్టించును. కొలైటిసునకు స్వీడను దేశపు వైద్యురాలు నన్నా స్వార్ట్స్ రూపొందించిన సల్ఫాసలజీను ముందుగా వచ్చినది. 1955 లో కార్టిజోను గుణము ఇంగ్లండున పరీక్షలలో రుజువయ్యెను. 1989 లో మెథోట్రెక్సేటును ప్రేగు జబ్బుల కిచ్చి చూచిరి. 1995 లో వెలువడిన యొక పరీక్షలో 141 మంది క్రోన్స్ రోగులు పాల్గొనిరి. వారమునకొకసారి 25 మిల్లీగ్రాముల మందు సూదిద్వారా పొందినవారిలో నూటికి 39 మందికి, పొందనివారిలో నూటికి 19 మందికి వ్యాధి శమించెను. కొలైటిసున మాత్రము తరువాతి పరీక్షలలో ఈ మందు అంతటి ఫలము చూపలేదు.

ఇచ్చట గుర్తింపవలసిన విషయమొకటి కలదు. వాపునకు ఈ మందు దినమున కొకసారి కాదు, వారమున కొకసారి వాడవలసినది. పొరపాటున దినదినము మ్రింగి ప్రాణము పోగొట్టుకొన్నవారు కలరు. కావున వారములో ఏ రోజు వాడవలెనో చీటీపైన వ్రాయించుకొని, ఆ రోజు దాటి ముట్టరాదు. మందు దేహమునందలి ఫోలిక్ ఆమ్లపు పనికి అడ్డుపడును గనుక, వైద్యుడు చెప్పిన దినములలో ఫోలిక్ ఆమ్లపు మాత్ర వాడవలెను. మోతాదు మించినపుడు విరుగుడుగా ఆసుపత్రిలో ఇచ్చు ఫోలినిక్ ఆమ్లము కూడ ఆ కుటుంబములోనిదే. రక్తము, కాలేయము, మూత్రపిండముల పరీక్షలు మానరాదు. మద్యము తగదు. గర్భిణులు దీనిని తాకరాదు. సంతానము కోరు దంపతులు ముందుగానే వైద్యునికి చెప్పవలెను. నోట పుండ్లు, జ్వరము, పొడిదగ్గు, ఆయాసము కలిగినచో తరువాతి మోతాదునకు ముందే వైద్యుని చూడవలెను. కోట్రైమాక్సజోల్ వంటి మందు దీనితో చేరిన రక్తకణములకు ముప్పు.

తక్కిన మందులకును ఇట్టి నియమములున్నవి. సల్ఫాసలజీను కూడ ఫోలిక్ ఆమ్లము ప్రేగునుండి ఒంటికి చేరుటను తగ్గించును. మెసలజీను వాడువారు మూత్రపిండముల పరీక్ష చేయించుకొనవలెను. ఒంట్లో కులాసాగా నున్నదని మానినచో వ్యాధి తిరుగబెట్టవచ్చును. స్టెరాయిడు మాత్రలు నాడెముగా ఉపశమించినను, ఎక్కువ కాలము వాడిన ఎముకలు గుల్లబారును. ఒక్కసారిగా మానుట ప్రమాదము. నొప్పికని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు తమంతట తాము మ్రింగిన ప్రేగు పుండ్లు రేగవచ్చును. మెథోట్రెక్సేటు విషగుణమును అవి పెంచవచ్చును గూడ. మన దేశమున ప్రేగు క్షయ క్రోన్స్ వ్యాధి వలెనే కనబడును గనుక, క్షయ లేదని తేల్చుకొనక రోగనిరోధమును అణచు మందు మొదలుపెట్టరాదు.

సుబ్బారావుగారు ఓడ యెక్కిన 1923 లోనే మంజీరపై నిజాంసాగరు నిర్మాణము మొదలయ్యెను. 1931 నాటికి అది ముగియగా, గోదావరి, కృష్ణా మండలములనుండి రైతులు తరలి వచ్చి వర్ని, బోధను ప్రాంతములలో క్యాంపులు కట్టి నిలిచిరి. చెఱకు తోటలు పెరిగెను. బోధనులో చక్కెర కర్మాగారము వెలసి, 2015 లో మూతబడెను. మోస్రా వంటి యూరిలో ప్రేగు జబ్బుతో బాధపడువాడు నిజామాబాదు ఆసుపత్రి నుండి తెచ్చుకొన్న చీటీలో మెథోట్రెక్సేటు పేరు, దాని ప్రక్కనే ఫోలిక్ ఆమ్లము పేరు చూచినచో, ఆ రెండును ఒకే తెలుగువాని పరిశోధనాలయమునుండి వచ్చినవని తెలియుట మేలు. ఒకటి వ్యాధి నణచును. రెండవది ఆ మందు బాధనుండి కాపాడును. ఆ చీటీలో వ్రాసిన దినము తప్పక, చెప్పిన పరీక్ష మానక నడచుకొనుటయే ఆయనకు తగిన స్మరణ.