గోడ జారకుండా లెక్క కట్టిన కూలుమ్

మన పిల్లలకు కూలుమ్ పేరు విద్యుదావేశాల పాఠంలో ఎదురవుతుంది. సూత్రం రాసి, మార్కులు తెచ్చుకుని ఊరుకుంటారు. ఆయన యౌవనమంతా మట్టి, రాళ్ల మధ్య గడిచిందని మేమూ తరగతిలో చెప్పడం తక్కువే.

చార్లెస్ అగస్టిన్ కూలుమ్ 1736లో ఫ్రాన్స్‌లో పుట్టారు. సైనిక ఇంజనీరుగా 1764లో కరీబియన్ సముద్రంలోని మార్టినిక్ దీవికి వెళ్లారు. అంతకు రెండేళ్ల ముందు ఆంగ్లేయులు ఆ దీవిని పట్టుకుని, 1763 సంధిలో తిరిగి ఇచ్చారు. మళ్లీ చేజారకుండా కొండమీద బూర్బన్ కోట కట్టే బాధ్యత ఈయనపై పడింది. అక్కడ ఎనిమిదేళ్లున్నారు. పదేపదే జబ్బుపడి, ఆ తర్వాత ఎప్పటికీ పూర్తిగా కోలుకోలేదు.

కోట కట్టాలంటే మట్టిని ఆపే గోడలు కావాలి. వెనకున్న మట్టి గోడను ముందుకు నెడుతూనే ఉంటుంది. గోడ పగలకుండా, పడిపోకుండా, నిలబడ్డది నిలబడ్డట్టే పునాది మీద జారిపోవచ్చు కూడా. మందం తగ్గితే ప్రమాదం, పెరిగితే ఖజానాకు చిల్లు. అప్పటిదాకా ఇంజనీర్లు ఎక్కువగా పాత కొలతలనే నమ్ముకునేవారు.

కూలుమ్ గోడ వెనక మట్టిలో ముక్కోణపు ముక్క ఒకటి వాలుగా జారుతున్నట్టు ఊహించారు. ఏ వాలు దగ్గర తోపు అన్నిటికన్నా ఎక్కువో కనిపెట్టి, గోడ దానికే తట్టుకోవాలన్నారు. అసలు తెలివి ఇక్కడే ఉందని మా అభిప్రాయం. పొడి ఇసుకైతే ఎత్తు రెట్టింపయినప్పుడు తోపు నాలుగింతలవుతుంది. దాన్ని అడ్డుకునేది గోడ అడుగున పుట్టే ఘర్షణ. బరువు పెరిగితే ఘర్షణ పెరుగుతుంది. తరగతిలో బల్లమీద ఒక ఇటుకను నెట్టించి, దానిపై ఇంకో ఇటుక పెట్టి మళ్లీ నెట్టిస్తే పిల్లల చేతికే తెలుస్తుంది. ఈనాటి ఇంజనీర్లు తోపు కన్నా జారుడును ఆపే బలం సాధారణంగా ఒకటిన్నర రెట్లు ఉండేలా చూస్తారు. వాననీరు వెనక నిలిస్తే తోపు ఇంకా పెరుగుతుంది, అందుకే గోడలకు నీరు పోయే రంధ్రాలు వదులుతారు.

తన పనికోసం రాసుకున్న ఈ లెక్కలను 1773లో పారిస్ అకాడమీ ముందు చదివారు. 1776లో అచ్చయ్యాయి. ఘర్షణపై పరిశోధనకు 1781లో అకాడమీ బహుమతి వచ్చింది. ఆవేశాల నియమం 1785 నాటిది.

ఆఖరి నాలుగేళ్లు ప్రభుత్వ విద్యాశాఖలో ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేశారు. ఫ్రాన్స్‌లో కొత్త ఉన్నత పాఠశాలలు ఏర్పడడంలో ఆయన చేయి ఉంది. ఆ ఉద్యోగంలో ఉండగానే 1806లో పారిస్‌లో కన్నుమూశారు.