రిప్పన్ ప్రభువు: ఉమ్మడి నిధి

ఒక తాలూకాలో చక్కగా సాగివచ్చిన బాట పొరుగు తాలూకా పొలిమేరను చేరినంతనే బురదలో మునిగిపోవుట మన పాఠకులలో అనేకు లెరిగినదే. ధాన్యపు బండికి పొలిమేర తెలియదు. ఇరుసు విరిగినప్పుడు మాత్రము రైతునకు తెలియును. సెస్సు రెండు వైపులవారును ఇచ్చియే యున్నారు. కాని ప్రతి సభయు తన సొమ్ము తన గడపలోనే వ్యయము కావలెనని పట్టుపట్టినచో, ఏ సభ సొమ్మును సార్థకము కానేరదు. స్థానికసభలకు స్వాతంత్ర్య మెంత యవసరమో వానికి పొత్తు కూడ అంత యవసరము. ఈ రెండింటిని ఒక్క శాసనపత్రములో చేర్చి చెప్పిన రిప్పన్ ప్రభువు చరిత్రమును నేడు సంగ్రహముగ ముచ్చటింప దలచితిమి.

జార్జి ఫ్రెడరిక్ శామ్యూల్ రాబిన్సన్ 1827వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన లండనులో ప్రధానమంత్రి నివాసమందే జన్మించెను. తండ్రి యప్పు డింగ్లాండునకు ప్రధానమంత్రి. ఆ పదవి కొలది నెలలే నిలిచెను. బాలుడు పాఠశాలకు గాని విశ్వవిద్యాలయమునకు గాని పోక యింటనే చదువుకొనెను. ధనికుల యింట బుట్టియు యౌవనమున క్రైస్తవ సామ్యవాదుల చెలిమి చేసి, 1852లో యంత్రకార్మికుల పక్షమున నిలిచెను. 1859లో తండ్రి బిరుదును, పెదతండ్రి బిరుదును రెండును సంక్రమించి, ప్రభుసభలో ప్రవేశించెను. యుద్ధమంత్రి యయ్యెను; 1866లో కొన్ని నెలలు భారతదేశ కార్యదర్శిగ నుండెను.

1868 మొదలు 1873 వరకు ప్రీవీ కౌన్సిలున కధ్యక్షుడై యుండగా, ఆయన శాఖనుండియే 1870వ సంవత్సరపు విద్యాచట్టము వెలువడెను. ఊరివారే బడిసభ నెన్నుకొని, పన్ను విధించి, బడి పెట్టుకొనుట కా చట్టము అధికార మొసగెను. పన్ను నిచ్చువానికే ఆ సొమ్ముపై పెత్తన ముండవలెనను భావ మాయనలో అప్పుడే నాటుకొనెనని మా తలంపు. 1874లో రోమను కథోలిక మతమును స్వీకరించినందున స్వదేశమున పెద్ద యలజడి కలిగెను. రాజకీయ జీవిత మింతతో ముగిసినదని పలువు రెంచిరి. అయినను 1880లో గ్లాడ్‌స్టన్ మంత్రివర్గ మాయనను లిట్టన్ ప్రభువు స్థానమున రాజప్రతినిధిగ మన దేశమునకు పంపెను.

1881లో మైసూరు రాజ్యము స్వదేశ ప్రభువునకు మరల నప్పగింపబడెను. 1882లో దేశభాషాపత్రికల నోరు కట్టిన చట్టము రద్దయ్యెను, ఉప్పుపన్ను తగ్గెను, హంటరు అధ్యక్షతను విద్యావిచారణసంఘ మేర్పడెను. ఇవి యన్నియు గణ్యములే. అయినను ఆయన పేరు నిలిపినది 1882 మే 18వ తేదీనాటి స్థానిక స్వపరిపాలన తీర్మానము.

దీనికి ముందు స్థితి యెట్టిది? 1870లో మేయో ప్రభువు ఆదాయవ్యయముల కొంతభాగమును రాష్ట్రముల కప్పగించెను. దానిని బట్టి మన రాజధానిలో 1871లో స్థానికనిధుల చట్టము వచ్చెను. రైతుపై సెస్సు పడెను, సభలును వెలసెను. కాని సభ్యులు నియమితులు, అధ్యక్షుడు కలెక్టరు. సొమ్ము మనది, సంచిమూతి త్రాడు దొరగారి చేతిలోనిది.

రిప్పన్ ఈ త్రాటిని సడలింప బూనెను. సభ్యులలో మూడింట రెండువంతులకు తక్కువ కాకుండ ఉద్యోగులు కానివా రుండవలెననియు, సాధ్యమైన చోట్ల ఎన్నిక జరుగవలెననియు, అధ్యక్షులును ప్రజలలోనివారే కావలెననియు నిర్దేశించెను. ప్రభుత్వము వెలుపల నుండి తనిఖీ చేయవలెనే కాని లోపల కూర్చుండి శాసింపరాదనెను. సభ ప్రాంతము చిన్నదిగ నుండవలెను, తాలూకాను మించరాదు. అప్పుడే సభ్యులకు తమ చెరువు, తమ బడి, తమ బాట కన్నుల యెదుట నుండును.

అయితే చిన్నసభలు ఒంటరిగ నిలిచినచో పెద్దపను లెవరు చేయుదురు? దీనికాయన రెండు మార్గములు చూపెను. చిన్నసభలపై అధికారముగల జిల్లాబోర్డు నుంచుట ఒకటి. చిన్నసభలను స్వతంత్రముగ నుంచి, వాని ప్రతినిధులు నియమితకాలములందు జిల్లా సమాలోచనసభగ కూడుట రెండవది. ఆ యేటి భూమిసెస్సు రేటును, అందరికిని హక్కుగల జిల్లానిధిలో ఒక్కొక్క సభకు రావలసిన భాగమును వా రక్కడ కలిసి నిర్ణయించుకొనవలెను. పొరుగువానితో కలిసి కూర్చుండి, తన వాటాను లెక్క చూపి యడిగి, అతని యక్కరనుగూడ వినుటయే ఈ పద్ధతి చెప్పెడి రాజకీయవిద్య.

ఆచరణలో నేమయ్యెను? రాష్ట్రాధికారులలో పలువురు సంశయించిరి. 1884లో చెన్నపురి ప్రభుత్వము జిల్లాబోర్డులను, తాలూకాబోర్డులను, యూనియనులను ఏర్పరచెను. భూమి వార్షికపు విలువపై రూపాయికి అణాకు మించకుండ సెస్సు నిలిచెను. కాని కలెక్టరు జిల్లాబోర్డు పీఠమును చిరకాలము విడువలేదు. ఇల్బర్టు బిల్లు విషయమున ఇంగ్లీషువారి యాగ్రహమునకు లోనై, 1884 జనవరిలో రాజీపడవలసి వచ్చుటయు ఈ ప్రభువు బలహీనతయే. పరప్రభుత్వపు ప్రతినిధి యెంత సజ్జనుడైనను పరప్రభుత్వపు హద్దును దాటజాలడు. అయినను ఆ డిశంబరులో ఆయన వెడలునప్పుడు కలకత్తా మొదలు బొంబాయి వరకు ప్రజలు బారులు తీర్చి వీడ్కొలిపిరి. మరుసటియేడే కాంగ్రెసు జన్మించెను.

బోర్డు లేమియు చేయలేదనుట అన్యాయము. తంజావూరు జిల్లాబోర్డు ప్రత్యేకపు సెస్సు వసూలుచేసి, మాయవరమునుండి ముత్తుపేటకు 54 మైళ్ల రైలుదారిని 1894లో తెరిపించెను. మన గుంటూరు జిల్లాబోర్డు 1916లో తెనాలి రేపల్లె రైలుదారిని సాధించెను. ఏ యొక్క తాలూకాయు ఒంటరిగ ఈ పని చేయజాలదు. దారి తన యూరిని తాకనివాడును సెస్సు చెల్లించెను. జిల్లాపంట రేవునకును సంతకును చేరుటలో తన లాభమును కూడ కలదని గ్రహించెను. ఉమ్మడినిధి యనగా నిదియే.

స్వదేశమున రిప్పన్ పిమ్మట నావికామంత్రి, వలసరాజ్యముల మంత్రి యయ్యెను. 1895లో తన చిన్న పట్టణమైన రిప్పనుకు మేయరుగ గూడ పనిచేసెను. ఖండము నేలినవాడు పురపాలకసభలో కూర్చుండుటకు సిగ్గుపడలేదు. 1909 జూలై 9వ తేదీన పరమపదించెను. 1913లో పూర్తియైన చెన్నపురి కార్పొరేషను భవన మాయన పేరును నేటికిని ధరించియున్నది.

తాలూకాబోర్డులు 1934లో పోయినవి. 1959లో ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులును జిల్లాపరిషత్తులును వచ్చినవి. 1992నాటి రాజ్యాంగ సవరణలు జిల్లా ప్రణాళికా కమిటీని విధించినవి: పంచాయతీల, పురపాలకసంఘముల ప్రణాళికలను కలిపి జిల్లా కంతటికి నొక్క ముసాయిదా సిద్ధపరచుట దాని పని, అందులో అయిదింట నాలుగువంతులు ఆ సభలవా రెన్నుకొనినవారే కావలెను. రిప్పన్ రెండవ మార్గమునకిది దగ్గరి చుట్టము.

చట్టము పీట వేయును, కూర్చుండవలసినది మనము. పల్లెయు పట్టణమును ఒక్క లెక్కపుస్తకము ముందు కూడి, ఒక్క యర్జీతో నిధిని కోరినచో రాజధానిలో దానికి బరువుండును. ఎవరికి వారు చేయి చాచినచో పంచిపెట్టువాడే ప్రభువగును. ఓటర్లు తమ ప్రతినిధిని మన యూరి కేమి తెచ్చితివని మాత్రమే యడుగుచున్నంత కాలము పొలిమేర బురద తొలగదు. పొరుగూరితో కలిసి యేమి సాధించితివని కూడ అడుగుడని పాఠకమహాశయులకు మా విన్నపము.